జైలు నుంచి వచ్చే మనిషిని దుబాయ్ నుంచి వచ్చాడని చెప్పకండి

మీ అన్నయ్య ఆరేళ్ల శిక్ష ముగించుకుని వచ్చే నెల విడుదలవుతున్నాడని రాశారు. వదిన, ఇద్దరు పిల్లలు ఉన్నారని, బంధువులకు ఏం చెప్పాలో, ఏం పని చూపించాలో, ఇంట్లో ఎలా మసలుకోవాలో తెలియడం లేదని అడిగారు. నేను లాయర్ని కాదు. కరీంనగర్‌లో చిన్న వెల్డింగ్ షాపు నడుపుతాను. మా బావ, అంటే అక్క భర్త, ఏడున్నరేళ్లు లోపల ఉండి 2021 డిసెంబర్‌లో బయటికొచ్చాడు. ఆ అనుభవంతో చెబుతున్నాను. ఇందులో మేం చేసిన తప్పులే ఎక్కువ.

ముందు ఈ వారమే చూసుకోవాల్సినవి రెండున్నాయి. తీర్పులో జైలుతో పాటు జరిమానా కూడా ఉందేమో, ఉంటే కట్టారో లేదో ములాఖత్‌కు వెళ్లినప్పుడు కనుక్కోండి. కట్టకపోతే దాని బదులు వేసిన శిక్ష కూడా పూర్తయ్యాకే వదులుతారు. ఈ సంగతి గేటు ముందు ఆటో ఆపుకుని నిలబడ్డాక తెలియకూడదు. కట్టే స్తోమత లేకపోతే పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో తెచ్చిన పథకంలో జరిమానాకు 25,000 రూపాయల దాకా సాయం ఉంది. అన్ని రకాల కేసులకూ వర్తించదు కాబట్టి జైలు అధికారులనే అడగండి. రెండోది, వేరే కేసేదైనా మిగిలి పీటీ వారెంట్, అంటే జైల్లో ఉన్న మనిషిని ఇంకో కేసులో కోర్టు ముందు పెట్టమనే ఆదేశం, ఉందేమో చూడండి. ఉంటే ఈ గేటు దాటగానే ఇంకో స్టేషన్ వాళ్లు తీసుకెళ్తారు. ఈ రెండింటికీ లాయర్‌కు డబ్బు పోయక్కర్లేదు. జైల్లో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఇక మా కథ. 2014లో తెలంగాణ వచ్చిన నెలలోనే బావ లోపలికి పోయాడు. పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి, చేతిలో ఉన్న కట్టెతో ఒక్కటి వేశాడు. అవతలి మనిషి బతకలేదు. పదేళ్లు పడింది, రెమిషన్లు, అంటే శిక్షలో తగ్గించిన రోజులు, పోను ఏడున్నరేళ్లు ఉన్నాడు. వాళ్లది జగిత్యాల వైపు పల్లె. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండే ప్రాంతం. మా దిక్కు మగమనిషి ఏళ్ల తరబడి కనబడకపోయినా ఎవరూ ఎందుకని అడగరు. అక్క పిల్లల్ని తీసుకుని కరీంనగర్ వచ్చేసింది. ఇల్లు కిరాయికి మాట్లాడేటప్పుడు ఓనరు "మీ బావేం చేస్తడు?" అని అడిగితే, "దుబాయ్‌ల ఉన్నడు" అనేశాను. ఆ మాట మొదట అన్నది నేనే. జైల్లో ఉన్నాడంటే ఇల్లెవరిస్తారు? ఆ తర్వాత అదే మాట గల్లీకి, బడికి, దూరపు చుట్టాలకు పాకింది. చివరికి మూడేళ్ల మేనల్లుడికి కూడా అదే చెప్పాం. పెద్దది, మేనకోడలు, దానికి అంతా తెలుసు. తమ్ముడి దగ్గర ఏడేళ్లు నోరు మెదపలేదు.

బావ వచ్చిన రోజుల్లో కరోనా ఇంకా పోలేదు, అందరి మూతులకూ మాస్కులున్నాయి. అది ఆయనకు మా అందరికంటే పెద్ద ఆసరా అయింది. బజారుకు పోయినా, టీ కొట్టు దగ్గర నిలబడ్డా మాస్కు దించేవాడు కాదు. టీ తాగేటప్పుడు మాత్రం గోడ వైపు తిరిగేవాడు.

వచ్చిన మూడో రోజు పిల్లవాడు పక్కన కూర్చుని "నాన్నా, దుబాయ్‌ల ఒంటెలు రోడ్ల మీద తిరుగుతయా?" అని అడిగాడు. బావ తడుముకోకుండా ఎండల గురించి, ఎత్తు బిల్డింగుల గురించి, శుక్రవారం సెలవు గురించి చెప్పుకొచ్చాడు. రాత్రి నన్ను పక్కకు పిలిచి, "మా బారక్‌ల ఒకాయన దుబాయ్ పోయొచ్చినోడు ఉండె. వచ్చే ముందు నెల రోజులు కూసొని ఆయన్ని అడిగి నేర్సుకున్న" అన్నాడు. మేం మా సౌకర్యానికి ఆడిన అబద్ధం ఆ మనిషికి లోపలే ఒక పరీక్ష అయిపోయిందని అప్పుడు తెలిసింది.

అది కూడా రెండు నెలలే నిలబడింది. ఒక పెళ్లిలో మా వరసకు అన్నయ్య, నిజంగా పన్నెండేళ్లు గల్ఫ్‌లో చేసినవాడు, బంతిలో పక్కన కూర్చుని "ఏ క్యాంపు బావా? సోనాపూరా?" అన్నాడు. బావ ఊ అన్నాడు. "ఏ కంపెనీ? మేస్త్రీ ఎవరు?" విస్తట్లో అన్నం అలాగే ఉంది, బావ లేచి చేయి కడుక్కుని బస్టాండుకు వెళ్లిపోయాడు. అంతకుముందే ఇద్దరు చుట్టాలు చేబదులు అడిగారు. దుబాయ్ నుంచి వచ్చిన మనిషి లేదంటే ఎవరు నమ్ముతారు, పిసినారి అని పేరు పెట్టారు. జైలుకు పోయినవాడన్న మాట తప్పించబోయి ఆయనకు ఇంకో రెండు పేర్లు తగిలించాం.

ఆ వారమే అక్క పిల్లవాడికి చెప్పింది. వాడు నాన్న మీద కోపం తెచ్చుకుంటాడని మేమంతా భయపడ్డాం. వాడికి కోపం వచ్చింది వాళ్లమ్మ మీద, వాడి అక్క మీద. బీడీలు చుట్టి ఆ ఇల్లు నెట్టుకొచ్చింది మా అక్కే, పాపం. ఆమెతో దాదాపు నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు వాడు, నాన్న మంచం మీదే పడుకునేవాడు. అందుకే చెబుతున్నాను, మీ పిల్లలకు మీరేమైనా కథ చెప్పి ఉంటే అన్నయ్య వచ్చేలోపే విప్పేయండి. ఆ పని ఆయన మీద పెట్టకండి, వదిన ఒక్కదాని మీదా వదిలేయకండి. మీరూ పక్కన కూర్చోండి.

బయటివాళ్లకు మేం తర్వాత పట్టుకున్న మాట ఒక్కటే: "కేసుల శిక్ష పడ్డది, అయిపోయింది, ఇంటికొచ్చిండు." అంతకు మించి ఒక్క ముక్క లేదు. ఎందుకు, ఎట్లా అని అడిగితే అదే మాట మళ్లీ. ఖర్చు లేకుండా పోలేదు. ఓనరు ఇల్లు ఖాళీ చేయమన్నాడు, ఖాళీ చేశాం. కొత్త ఇంటి ఓనరుకు ముందే నిజం చెప్పాను. నాలుగిళ్లు కాదన్నాక ఐదో ఆయన ఒప్పుకున్నాడు.

ఇంట్లో సంగతులు చిన్నవే గానీ ముందే తెలిస్తే మంచిది. జైల్లో చీకటి పడకముందే అన్నం పెట్టేస్తారు. బావకు సాయంత్రం అయిదున్నరకే ఆకలేసేది, అడగడానికి మొహమాటపడి తొమ్మిదిదాకా ఉగ్గబట్టుకునేవాడు. లైటు ఆర్పితే నిద్ర పట్టేది కాదు. గది తలుపు దగ్గరగా వేసి ఉంటే తోసుకుని రాకుండా ఎవరో తీయాలన్నట్టు నిలబడేవాడు. అక్క ఒకసారి నవ్వింది, తర్వాత ఆ తలుపుకు ఇటుక అడ్డం పెట్టేసింది.

కాగితాలకు ఆరు నెలలు పట్టింది, పొలం పాస్‌బుక్‌కు ఇంకో ఏడాది. ఆయన పోయేటప్పుడు ఊరు కరీంనగర్ జిల్లా, 2016లో జిల్లాలు విడదీశాక జగిత్యాల జిల్లా. ఆధార్‌లో పాత జిల్లా, దానికి కలిపిన ఫోన్ నంబరు ఎప్పుడో పోయింది, ఓటీపీ ఎక్కడికో వెళ్తుంది. మొదట ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్లి వేలిముద్రతో నంబరు మార్పించండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. రెండేళ్లు లావాదేవీ లేని బ్యాంకు ఖాతా నిద్రలోకి పోతుంది, మళ్లీ కేవైసీ ఇవ్వాలి. లైసెన్సు గడువు దాటి ఏడాది మించితే మళ్లీ టెస్టే. ఓటు హక్కు పోయిందని చాలామంది అనుకుంటారు. జైల్లో ఉన్నంత కాలమే వేయలేరు, బయటికొచ్చాక లిస్టులో పేరు లేకపోతే ఫారం 6 పెట్టుకోవచ్చు. విడుదల పత్రం అసలుది ఎవరికీ ఇవ్వకండి, పది జిరాక్సులు తీయించి పెట్టుకోండి. ఒక పత్రం తీసుకుని మేమే సర్పంచిని వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లి చూపించి వచ్చాం. వాళ్లు ఇంటికి రావడం కంటే మనం వెళ్లడం నయం. అన్నట్టు, ఊళ్లో బీరువా అట్ట కింద బావ దాచుకున్న మూడు వేలు దొరికాయి. అన్నీ పాత 500 నోట్లు. 2016లో అవి రద్దయ్యాయని ఆయనకు తెలుసు. దాచిన సంగతే మరిచిపోయాడట.

పని విషయానికొస్తే, తెలంగాణలో జైళ్ల శాఖ పెట్రోలు బంకులు నడుపుతుంది, విడుదలైన వాళ్లను కూడా పెట్టుకుంటారు. 2024 జులైలో 213 మందిని క్షమాభిక్ష మీద వదిలినప్పుడు అందులో కొందరికి ఆ బంకుల్లోనే పని చూపించారు. మీది ఏ జైలో రాయలేదు గానీ, విడుదలకు ముందే సూపరింటెండెంట్‌కు అర్జీ పెట్టించండి. బయటికొచ్చాక అడగడం కంటే లోపల ఉండగా అడగడం సులువు.

బావను నా షాపులోనే పెట్టుకున్నాను. లోపల ఇనుపపని కొంత పట్టుబడింది. మొదటి రోజు చేతికొచ్చింది కిటికీ గ్రిల్. చువ్వలు వరసగా పేర్చి, "బామ్మర్దీ, ఇంకేం పని దొరకలేదా?" అని నవ్వాడు. ఆయన నవ్వడం అదే మొదలు. ఇళ్లకు గేట్లు బిగించడానికి మాత్రం ఏడాది దాకా పంపలేదు. తెలిసిన ఇద్దరు కస్టమర్లు ఆర్డర్లు వెనక్కి తీసుకున్నారు, వాళ్లతో వాదించలేదు. శనివారం మిగతా పనివాళ్లకు ఎంతిస్తే ఆయనకూ అంతే, అందరి ముందే. అక్క చేతికి ఇవ్వలేదు, ఆయన చేతికే ఇచ్చాను. నా తప్పొకటి చెప్పాలి. ఆయన గల్లా మీద కూర్చున్న రోజు నేను రాత్రి రెండోసారి లెక్క పెట్టేవాణ్ని. ఎవరూ చూడలేదనుకున్నాను. ఒకరోజు ఆయనే, "లెక్క నా ముందే పెట్టు, ఇద్దరికీ మంచిది" అన్నాడు. అప్పటి నుంచి షాపులో ఎవరు కూర్చున్నా దిగేటప్పుడు లెక్క చూసే దిగాలి, నాతో సహా.

అన్నిటికంటే కష్టమైంది అవతలి ఇల్లు. చనిపోయినాయన భార్య, కొడుకులు బావ వాళ్ల పల్లెలోనే, ఆయన ఇంటికి మూడు గల్లీల అవతల ఉంటారు. బావ వెళ్లి కాళ్ల మీద పడతానన్నాడు. పెద్దమనుషులు వద్దన్నారు, నాకూ వద్దనిపించింది. మన గుండె బరువు దించుకోవడానికి ఆమె గడప తొక్కడం న్యాయం కాదు. పెద్దమనిషి ద్వారా కబురు పంపాం, ఊళ్లోకి వచ్చి పొలం చేసుకోవచ్చా అని. ఆమె ఒక్క మాట పంపింది: "చేసుకోమను. మా గల్లీల నుంచి మాత్రం రావద్దను." ఇప్పటికీ బావ పొలానికి పోయేటప్పుడు ఆ గల్లీ తొక్కడు. చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోతాడు.

మీ అన్నయ్య కేసు ఏమిటో మీరు రాయలేదు, అడగను కూడా. అవతలి వాళ్లు మీ ఊళ్లోనే ఉంటే మాత్రం ఆ సంగతి ఒక్కటి చెప్పండి. మొదటి నెల ఆయన్ని ఎక్కడ ఉంచాలన్నది దాన్ని బట్టి ఉంటుంది.