పింఛను ఆపుతామన్న నోటీసు వస్తే…

ప్రశ్న: మా తమ్ముడికి పోలియో వల్ల కుడికాలు చచ్చుబడింది. ప్రభుత్వ వైద్యులు పరీక్షించి ఇచ్చే సదరం (వైకల్య నిర్ధారణ) ధ్రువపత్రంలో 50 శాతంగా ఉన్న వైకల్యాన్ని పునఃపరిశీలనలో 35 శాతంగా తేల్చి, పింఛను ఆపుతామని నోటీసు ఇచ్చారు. మేమేం చేయాలి?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛను పథకమైన ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ. 6,000 దివ్యాంగ పింఛను పొందడానికి కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి కాబట్టి, మీ తమ్ముడి విషయమంతా ఆ శాతం మీదే ఆధారపడి ఉంది. అయితే నోటీసుతోనే అంతా ముగిసిపోయిందని అనుకోనక్కరలేదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 59వ సెక్షను ప్రకారం ధ్రువపత్రంపై అప్పీలు చేసుకునే హక్కు ఆయనకుంది. పాత ధ్రువపత్రం, చికిత్స కాగితాలు, నోటీసు నకలు జతచేసి మండల పరిషత్ కార్యాలయంలోగాని, పట్టణమైతే మున్సిపల్ కార్యాలయంలోగాని అర్జీ ఇచ్చి, రసీదు తప్పక తీసుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేవారే ఎక్కువగా నష్టపోతారు. మళ్లీ పరీక్షకు పిలిచినప్పుడు, కాలికి ఆసరాగా వాడే కాలిపర్స్ (లోహపు పట్టీలు), ఊతకర్ర వెంట తీసుకువెళ్లి, నడకలోని ఇబ్బందిని దాచకుండా, పెంచకుండా వైద్యులకు వివరించమనండి. కొత్త ధ్రువపత్రం తాత్కాలికమైతే, దాని గడువు తేదీని ఇప్పుడే గుర్తుపెట్టుకుని, ముందుగానే సదరం పరీక్షకు స్లాటు తీసుకోవాలి.