సీసీఎన్‌ఏ కంటే ముందు క్రింపింగ్ చేతికి రావాలి

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ డిప్లొమా పూర్తి చేసింది. నెట్‌వర్క్ సపోర్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే ప్యాచ్ ప్యానెల్, ఐఓ, పంచ్ డౌన్ గురించి అడిగారట. చెప్పలేకపోయింది. సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) కోచింగ్‌లో చేర్పించమంటారా?

జవాబు: చేర్పించండి, కానీ ఒక నెల ఆగండి. సీసీఎన్‌ఏలో ఎక్కువ భాగం ఐపీ అడ్రసింగ్, రౌటింగ్, స్విచ్ కాన్ఫిగరేషన్. మీ అమ్మాయిని అడిగినవి వైరు పట్టుకుని పనిచేస్తేనే వంటబట్టే విషయాలు.

ముందు ఆఫీసులో నెట్‌వర్క్ కేబుల్ నడిచే దారి తెలియాలి. రాక్ (పరికరాలు బిగించే చట్రం)లోని స్విచ్ నుంచి చిన్న ప్యాచ్ కార్డ్ (రెండు కొసలా ప్లగ్గులున్న కేబుల్), ప్యాచ్ ప్యానెల్ (కేబుళ్లన్నీ వచ్చి చేరే సాకెట్ల పలక) ముందువైపుకి వస్తుంది. ప్యానెల్ వెనక పంచ్ డౌన్ టూల్ (తీగను గాడిలోకి నొక్కి దించే పనిముట్టు)తో దిగ్గొట్టిన కేబుల్ గోడల్లోంచి వెళ్లి, టేబుల్ దగ్గరి ఐఓ బాక్సు (నెట్‌వర్క్ సాకెట్)లో ఆగుతుంది. అక్కణ్నుంచి కంప్యూటర్‌కి ఇంకో ప్యాచ్ కార్డ్. గోడలోని కేబుల్ 90 మీటర్లు, ప్యాచ్ కార్డులు రెండూ కలిపి 10 మీటర్లు మించకూడదు.

ఇక సాధన. 10 మీటర్ల క్యాట్ 6 కేబుల్, 30 ఆర్‌జే 45 కనెక్టర్లు (కేబుల్ కొసకి పెట్టే ప్లగ్గులు), క్రింపింగ్ టూల్ (కనెక్టర్‌ని తీగలకు నొక్కి బిగించేది), ఎల్‌ఈడీ టెస్టర్, ఒక ఐఓ, పంచ్ డౌన్ టూల్ కొనివ్వండి. కేబుల్ అచ్చమైన రాగిదే తీసుకోండి. అల్యూమినియం మీద రాగిపూత వేసిన రకం చవకే గానీ తొందరగా విరుగుతుంది. పైగా పీఓఈ కెమెరా (నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు అందుకునేది)కి దూరం నుంచి కరెంటు పంపితే మధ్యలోనే వోల్టేజీ పడిపోతుంది.

కనెక్టర్ లాకు కిందికి, బంగారు పిన్నులు అవతలి కొసకి ఉండేలా పట్టుకుంటే, ఎడమ నుంచి 568బీ (తీగల రంగులకు పెట్టిన ఒక ప్రమాణం) వరస ఇదీ: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఈ ఎనిమిది తీగలూ కేబుల్‌లో ఒకే రంగువి రెండేసి మెలేసుకుని నాలుగు జంటలుగా ఉంటాయి. ఆ జంటల మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. పైతొడుగు కనెక్టర్ లోపలికి దూరి బిగుసుకోవాలి, లేకపోతే నాలుగుసార్లు లాగేసరికి తీగలు ఊడొస్తాయి.

కొత్తవాళ్లు ఎక్కువగా పడే గుంట ఒకటుంది. ఆకుపచ్చ జంటను 3, 6 పిన్నులకు విడదీయకుండా 3, 4లలో పక్కపక్కనే పెట్టేస్తారు. రెండు కొసలా అదే తప్పు చేస్తే టెస్టర్‌లో 1 నుంచి 8 దాకా దీపాలన్నీ వరసగా వెలుగుతాయి. కానీ 3, 6 మీద నడిచే సిగ్నల్‌కి మెలికేసుకున్న జత ఉండదు. పక్క జంటల రొద అందులోకి చేరి నెట్ తెగుతూ ఉంటుంది. చవక టెస్టర్ తీగ తెగిందో లేదో చెబుతుందే తప్ప ఈ లోపాన్ని పట్టుకోలేదు.

ఇంకొకటి, ఇంటర్వ్యూల్లో అడగదగ్గదే. గిగాబిట్‌కి నాలుగు జంటలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 చాలు. గోధుమ తీగ ఒకటి తెగినా చాలాసార్లు లింకు పోదు, 100కి పడిపోతుంది. విండోస్‌లో అడాప్టర్ స్టేటస్ తెరిచి స్పీడ్ చూడడం ఆమెకి అలవాటు కావాలి.

వరసగా పది ప్యాచ్ కార్డులు మొదటిసారికే టెస్టర్‌లో పాసై, గిగాబిట్ లింకు కూడా వస్తే కోచింగ్‌కి ఫీజు కట్టేయండి.