9 అంగుళాల గోడ కోసి గుమ్మం పెట్టాలంటే ఏ మెషిన్ కొనాలి? అసలు కొనకండి, అద్దెకి తెచ్చుకోండి

హాలుకీ వంటింటికీ మధ్య 9 అంగుళాల ఇటుక గోడ ఉంది, అందులో గుమ్మం తెరవాలి, 4 అంగుళాల గ్రైండర్ కొననా, మార్బుల్ కట్టర్ కొననా, లేకపోతే ఇంకా పెద్దది తీసుకోనా అని అడిగారు. నేను ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేస్తాను, పైపుల కోసం గోడలు కోయించడం మాకు రోజూ ఉండేదే, కాబట్టి సూటిగా చెప్పేస్తా. ఒక్క గుమ్మం కోసం ఏదీ కొనకండి. 14 అంగుళాల బ్లేడు వేసే కరెంటు మెషిన్, నీళ్ల పైపు తగిలించుకునేది, అద్దెకి తెచ్చుకోండి, దాన్ని వాడటం వచ్చిన మనిషితో సహా.

బ్లేడు సైజు చూసి చాలామంది పొరపడతారు. 4 అంగుళాల బ్లేడంటే గోడలోకి 4 అంగుళాలు దిగుతుందనుకుంటారు, మధ్యలో నట్టు, మోటారు బాడీ అడ్డం ఉంటాయి కదా. 110 మి.మీ. బ్లేడు వేసే మార్బుల్ కట్టర్ దిగేది మహా అయితే 34 మి.మీ., అందులోనూ మూడో వంతు పైగా ప్లాస్టరింగే. 9 అంగుళాల గ్రైండర్ 65 దాకా పోతుంది, రెండు వైపుల నుంచి కోస్తే 130, అంటే ప్లాస్టరింగ్ చెక్కేస్తే నాలుగున్నర అంగుళాల గోడకి సరిపోతుంది, మీ గోడకి చాలదు. 14 అంగుళాల బ్లేడయితే 125 దాకా దిగుతుంది, గీత వెంట ప్లాస్టరింగ్ ముందే చెక్కేసుకుని రెండు వైపులా కోస్తే 230 మి.మీ. ఇటుక గోడ తెగిపోతుంది. ఇల్లు బాగా పాతదై గానుగ సున్నంతో కట్టిన గోడయితే ఏ మెషినూ వద్దు, శానం సుత్తి పట్టుకుని సందుల్లో కొడితే ఇటుక ఇటుకే ఊడొస్తుంది. ఏఏసీ బ్లాకులైతే, అంటే లోపల గాలి బుడగలుండే ఆ తేలికపాటి సిమెంటు బ్లాకులైతే, పెద్ద పళ్ల చేతి రంపం చాలు.

మిషన్ సంగతి అంతే. నేను అసలు చెప్పాలనుకుంది దుమ్ము గురించి.

తెనాలిలో మా మేనత్త వాళ్లింట్లో అచ్చం ఇలాంటి పనే పడింది. మావయ్య నాతో ఒక మాట అనకుండా బిల్డింగులు పడగొట్టే వాళ్లెవరితోనో మాట్లాడేశాడు, వాళ్లు పెట్రోల్ కట్టర్ ఇచ్చి ఒక కుర్రాణ్ణి పంపించారు, రోడ్డు మీద కాంక్రీట్ కోస్తారే, అది. నేను వెళ్లేసరికి పని నడుస్తోంది. దుమ్ము తమ మీదికి వస్తోందని పక్కింటివాళ్లు గొడవ చేశారని కిటికీలు, వీధి తలుపు అన్నీ బిగించేశారు. తలుపు తీశానో లేదో ఎర్రటి దుమ్ము మొహాన కొట్టింది, లోపల మెషిన్ రొద వినపడుతోంది గానీ పట్టుకున్న మనిషి కనపడ్డం లేదు. మూతికి తడి తువ్వాలు చుట్టుకున్నాడు, అదే వాడి మాస్కు. మెషిన్‌కి నీళ్ల పైపు పెట్టుకునే ముక్కు ఉంది, అది ఖాళీగా ఉంది. "నీళ్లెందుకు పెట్టలేదురా" అంటే "ఇల్లంతా బురదవుద్దన్నా, ఓనరు తిడతాడు" అన్నాడు. పక్క గదిలో అత్త తల పట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. "పొద్దుట్నించీ ఒకటే తలపోటురా, కళ్లు తిరుగుతున్నాయి" అంది. అది దుమ్ము వల్ల వచ్చింది కాదు, పెట్రోల్ ఇంజన్ పొగ. మూసిన ఇంట్లో ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చంపేస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. ఇంజన్ ఆపించి, తలుపులన్నీ బార్లా తీయించి, అత్తనీ ఆ కుర్రాణ్ణీ పెరట్లోకి పంపేశాను. గాలి తగిలాక ఆమె తేరుకుంది, లేకపోతే ఆస్పత్రికి పరిగెత్తేవాళ్లమే.

తర్వాత కరెంటు మెషిన్ అద్దెకి తెప్పించి నేనే దగ్గరుండి చేయించాను. ముందు లింటెల్, అంటే గుమ్మం పైన గోడ బరువు మోసే అడ్డదూలం, అటో అరడుగు ఇటో అరడుగు గోడ మీద కూర్చునేలా, అది గట్టిపడ్డాకే కింద కోత. నాలుగు మూలల్లో పొడుగు డ్రిల్ బిట్‌తో ఆర్పార్ కన్నాలు వేస్తే అవతలి గీత ఇవతలి గీతకి సరిగ్గా కలుస్తుంది. కింద ప్లాస్టిక్ పట్టా, చుట్టూ ఇసుక మూటల గట్టు, ఎర్ర బురద నీళ్లన్నీ అందులోనే ఆగిపోయాయి, గంటలో ఎత్తిపోసేశారు. గాల్లో దుమ్ము ఉంటే ఒట్టు. బురదకి భయపడి ఊపిరితిత్తులు పాడుచేసుకునే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే ఇటుకలో, కాంక్రీటులో, గ్రానైట్‌లో సిలికా ఉంటుంది, కంటికి కనపడనంత సన్నటి పొడే లోపలికి పోయి తిష్ట వేస్తుంది, తువ్వాలు దాన్ని ఆపదు. దానివల్ల సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తే నయం చేసే మందు లేదు. మా దగ్గర ఏళ్ల తరబడి గోడలు కోసిన ఒకతను ఇప్పుడు ఒక అంతస్తు ఎక్కితే రొప్పుతాడు, మొదట టీబీ అని మందులు వాడించారు, చేసే పనేంటని ఎవరూ అడగలేదు. వంటింటి గట్ల మీద వేసే క్వార్ట్‌జ్ పలకల్ని ఈ దుమ్ము కారణంగానే ఆస్ట్రేలియాలో 2024 జులై 1 నుంచి నిషేధించారు. మన దగ్గర అవే పలకల్ని ఫుట్‌పాత్ మీద మార్బుల్ కట్టర్‌తో పొడిగా కోస్తుంటే పక్కనే పిల్లలు ఆడుకుంటుంటారు!

బ్లేడు కూడా చూసి తెచ్చుకోండి. డైమండ్ బ్లేడు అన్నిటికీ ఒకటే అని షాపువాడు అంటాడు, నమ్మొద్దు. ఇటుక మెత్తన గానీ బ్లేడుని అరగదీస్తుంది, దానికి గట్టి లోహంలో పొదిగిన డైమండ్ కావాలి, గ్రానైట్‌కి దీనికి రివర్సు, మెత్తటి లోహం. గ్రానైట్ కోసి కోసి బ్లేడు మొద్దుబారితే పారేయక్కర్లేదు, ఇటుక మీద నాలుగు గాట్లు పెడితే పైన లోహం అరిగి కొత్త డైమండ్ బయటికొస్తుంది. చెక్క కోసే పళ్ల బ్లేడు మాత్రం గ్రైండర్‌కి చచ్చినా పెట్టొద్దు. బ్లేడు మీద అడ్డుగా ఉండే గార్డు ఊడదీసి పనిచేసేవాణ్ణి ఇంట్లోకి రానివ్వకండి.

కరెంటు మీద నీళ్లు పోస్తున్నాం కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉన్న లైను నుంచే ఇవ్వాలి, అదీ 16 ఆంపియర్ల సాకెట్ నుంచి. ప్లగ్గు లేకుండా రెండు వైర్లు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చే అలవాటు మనవాళ్లకి ఎప్పుడు పోతుందో. కోసే చోట గోడలో కరెంటు పైపులు, నీళ్ల పైపులు ఉన్నాయేమో కూడా ముందే చూసుకోవాలి.

ఆ గోడ మీద స్లాబు బరువు ఉందా, పైన ఇంకో అంతస్తు ఉందా అన్నది మీరు రాయలేదు. స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించే దాకా మెషిన్‌కి అడ్వాన్సు కూడా ఇవ్వకండి.