కడప మురుగులో అయోడిన్-131 లెక్క: ముందు సెప్టిక్ ట్యాంకు చూడండి

థైరాయిడ్ రోగులకు ఇచ్చే రేడియోధార్మిక అయోడిన్-131 కడప మురుగులో కలిసి బుగ్గవంక వాగు దాకా ఎంత చేరుతుందో లెక్క కట్టాలి, విదేశీ పేపర్లలోని పెట్టెల మోడల్ (ట్యాంకు, కాలువ లాంటి ఒక్కో దశను ఒక పెట్టెగా తీసుకుని, లోపలికి వచ్చేది, బయటికి పోయేది లెక్క కట్టే పద్ధతి) అట్లాగే వాడొచ్చా అని అడిగారు. మోడల్ వాడండి, కానీ పెట్టెలు మార్చాలి. వాళ్ల లెక్కలో మురుగు మూసిన పైపుల్లో కొన్ని గంటలకే శుద్ధి ప్లాంటుకు చేరుతుంది. మన దగ్గర చాలా ఇళ్లలో మరుగుదొడ్డి నీళ్లు సెప్టిక్ ట్యాంకులోకి పోతాయి, స్నానం, వంటింటి నీళ్లు వీధి కాలువలో పడతాయి.

ఒక్కో పెట్టెకు రెండు రేట్లు చాలు: రేడియోధార్మికత తనంతట తాను తగ్గిపోయే క్షయం రేటు, నీళ్లతో బయటికి పోయే ప్రవాహం రేటు. అయోడిన్-131 అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, 8.02 రోజులు కాబట్టి క్షయం రేటు రోజుకు 0.0864. ప్రవాహం రేటు కావాలంటే రోజుకు వచ్చే నీళ్లను ట్యాంకులో నీళ్లు నిలిచే ఘనపరిమాణంతో భాగించండి. ప్రవాహం రేటును రెండు రేట్ల మొత్తంతో భాగిస్తే కాలువలోకి వచ్చే వాటా తేలుతుంది.

ఐదుగురున్న ఇల్లు, 2,500 లీటర్ల ట్యాంకు, మరుగుదొడ్డి నీళ్లు రోజుకు 150 లీటర్లు అనుకుందాం. ప్రవాహం రేటు 0.06, బయటికి వచ్చేది 41 శాతం. మిగతాది ట్యాంకులోనే క్షయమవుతుంది. స్నానం నీళ్లు కూడా అందులోకే పోతూ రోజుకు 500 లీటర్లయితే అదే వాటా 70 శాతం. ఏళ్ల తరబడి తీయించక సగం పూడిన ట్యాంకుకు 2,500 వేస్తే తప్పు. 1,250 వెయ్యాలి, అప్పుడు 41 కాస్తా 58 అవుతుంది. అందుకే వార్డుకు పది ఇళ్లయినా తిరిగి, ట్యాంకు ఎప్పుడు తీయించారో, ఏ నీళ్లు ఎటు పోతున్నాయో అడగండి. దీనికి మించిన డేటా మీకు దొరకదు.

ఇన్‌పుట్‌గా ఇచ్చిన డోసు మొత్తం వెయ్యకండి, మూత్రంలో పోయేదే వెయ్యండి. హైపర్‌థైరాయిడ్ ఉన్నవాళ్ల గ్రంథి చాలా భాగాన్ని పట్టి ఉంచుకుంటుంది. క్యాన్సర్‌కు గ్రంథి తీసేసినవాళ్లలో ఎక్కువ భాగం మొదటి రెండు రోజుల్లోనే బయటికి పోతుంది, అది ఆసుపత్రి నిల్వ ట్యాంకులోకి చేరాలి. ఆ ట్యాంకు నింపడం ఆపి 40 రోజులు ఉంచితే 32లో ఒక వంతు మిగులుతుంది. స్కానింగుకు వాడే టెక్నీషియం-99ఎంను వేరే మోడల్‌గా చెయ్యండి. దాని అర్ధాయువు 6 గంటలే. కాలువలో 4 గంటల ప్రయాణానికే 37 శాతం పోతుంది, అదే 4 గంటల్లో అయోడిన్ ఒకటిన్నర శాతం కూడా తగ్గదు. కాబట్టి టెక్నీషియానికి గంటల లెక్క, అయోడిన్‌కు రోజుల లెక్క.

మోడల్ సరిచూసుకోవడానికి తెచ్చే మురుగు నీళ్ల నమూనాలోనే చాలామంది దెబ్బ తింటారు. లోహాలకు చేసినట్టు బాటిల్లో యాసిడ్ పోయకండి, అయోడిన్ ఆవిరై పోతుంది. కాస్త పొటాషియం అయోడైడ్ కలిపి, క్షారంగా ఉంచండి. రెండోది, మన బోరు నీళ్లలో రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఉంటుంది. అది క్షయమైతే పుట్టే సీసం-214 గామా రేఖ (అది వెలువరించే గామా కిరణాల శక్తి) 352 కిలోఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర, అయోడిన్‌ది 364 దగ్గర. గామా కిరణాలను కొలిచే సోడియం అయోడైడ్ డిటెక్టర్ ఈ రెంటినీ విడదీయలేదు, ఒకే గుట్టగా చూపిస్తుంది. క్షారం చేశాకే నమూనాలోకి గాలి బుడగలు పంపి రేడాన్‌ను పోగొట్టండి, మూడు గంటలు ఆగి లెక్కించండి. ఎనిమిది రోజుల తర్వాత అదే బాటిల్‌ను డిటెక్టర్ దగ్గర మళ్లీ పెట్టండి. గుట్ట సగానికి తగ్గకపోతే మీరు కొలిచింది అయోడిన్ ఒక్కటే కాదు.