బొటనవేలు చేసే పని రాయి

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసాలూ, వాటితో పాటు పెట్టిన కథా తీరిగ్గా చదివాను. తుపాకీ మన కథల్లోకి ఎప్పుడో వచ్చింది. కానీ అమెరికాలో ఉంటూ ఒక రివాల్వర్‌ని కొనుక్కుని, ఇంట్లో తాళం వేసి దాచుకుని, వారాంతంలో షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళి, రాత్రి కూర్చుని తుడుచుకునే మనిషి తన సంగతి తెలుగులో రాయడం నేను చూడలేదు. ఆ పని నువ్వు మొదలుపెట్టావు. నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే మొహమాటం పక్కన పెట్టి రాస్తున్నాను.

మొదటి వ్యాసంలో నీ రూగర్ బ్లాక్‌హాక్ రివాల్వర్ బరువెంతో, బారెల్ పొడవెంతో, ధరెంతో చెప్పావు. తర్వాత ఒక్క పేరాలో గురిపెట్టావు, అది ఢామ్మని పేలింది, వ్యాసం అయిపోయింది. ఆ ఢామ్ పాఠకుడికి కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ సినిమా హాల్లో వింటూనే ఉన్నాడు. అతనికి తెలియనిది అంతకుముందు నీ బొటనవేలు చేసిన పని. నీ దానిలాంటి సింగిల్ యాక్షన్ రివాల్వర్‌లో ట్రిగ్గర్ చేసేది ఒకే ఒక్క పని, తూటాని పేల్చే చిన్న సుత్తిలాంటి హామర్‌ని వదలడం. మిగతాదంతా బొటనవేలిదే. హామర్‌ని వెనక్కి లాగుతుంటే తూటాల గదులున్న సిలిండర్ తిరుగుతుంది, తర్వాతి తూటా ఉన్న గది బారెల్‌కి ఎదురుగా వచ్చి బిగుసుకుంటుంది. పేల్చిన ప్రతిసారీ ఇదంతా మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. అంటే ప్రతి తూటాకీ ముందు మనిషికి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. నీ వ్యాసానికి కావలసిన నడక అందులోనే ఉంది. వాక్యాలు ఆ వేగంతో నడవాలి. నువ్వేమో మెషిన్ గన్ వేగంతో రాశావు.

ఇంకో మాట. నీ బ్లాక్‌హాక్ హామర్ లాగితే ‘నాలుగు టిక్కులు’ వినిపించాయని రాశావు. నాలుగు టిక్కులు కోల్ట్‌వి. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీలో మొదటి టిక్కు హామర్‌ని కాస్త వెనక ఆపి ఉంచే సేఫ్టీ గాడి దగ్గరిది. రెండోది సగం లాగిన స్థితి, అందులోనే తూటాలు ఎక్కిస్తారు. మూడోది సిలిండర్‌ని ఆపే బోల్ట్ లేచి తగిలిన చప్పుడు. నాలుగోది హామర్ పూర్తిగా ఎక్కినప్పటిది. నీ చేతిలో ఉన్నది 1973 తర్వాతి న్యూ మోడల్ రూగర్. దానికి సగం లాగే స్థితే లేదు. పక్కనున్న లోడింగ్ గేట్ తెరిస్తే సిలిండర్ దానంతటదే తిరగడానికి వీలవుతుంది. ఆ నాలుగు టిక్కులూ నువ్వెక్కడో చదివి, బాగున్నాయనిపించి తెచ్చుకున్నావు. చదివింది రాయడం తప్పు కాదు. చేతిలో ఉన్న వస్తువు ఒకటి చెబుతుంటే పుస్తకంలోది రాయడం మాత్రం తప్పే. ఈ శనివారం రేంజ్‌కి వెళ్ళే ముందు, ఖాళీగా ఉందని చూసుకుని, సురక్షితమైన వైపు తిప్పి, నెమ్మదిగా లాగి విను. వినిపించినన్ని రాయి.

ఆ రెండు తుపాకుల మధ్య తేడా నుంచే ఒక మంచి వ్యాసం పుడుతుంది. కోల్ట్‌లో తూటా వెనక తగిలి దాన్ని పేల్చే ఫైరింగ్ పిన్ హామర్‌కే ఉంటుంది. హామర్ దించి ఉంచితే ఆ పిన్ను నేరుగా తూటా వెనక ఆనుతుంది. కింద పడినా, హామర్‌కి గట్టి దెబ్బ తగిలినా పేలిపోవచ్చు. అందుకని ఆరు గదుల రివాల్వర్‌లో ఐదే నింపి, ఖాళీ గది మీద హామర్ దించుకునే అలవాటు వచ్చింది. ఒకటి పెట్టి, ఒకటి వదిలి, నాలుగు పెట్టి, హామర్ పూర్తిగా లాగి, జాగ్రత్తగా దించితే సరిగ్గా ఖాళీ గది మీదికి వస్తుంది. రూగర్ 1973లో ట్రాన్స్‌ఫర్ బార్ అనే చిన్న ఉక్కు బద్ద పెట్టింది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే తప్ప అది హామర్‌కీ పిన్నుకీ మధ్యకి రాదు, అది రాకపోతే హామర్ దెబ్బ పిన్నుకి చేరదు. దాంతో ఆరూ నింపుకోవచ్చు. అంతకుముందు తయారైన పాత మోడళ్ళు పంపిస్తే కంపెనీ ఉచితంగా ఆ మార్పు చేసి ఇస్తుంది. అయినా పాతకాలపు తరహా తుపాకులతో పెట్టే కౌబాయ్ పోటీల్లో ఈనాటికీ ఎవరి తుపాకీ ఏదైనా ఐదే నింపాలి. నీ రెండో వ్యాసంలో ‘ఐదు తూటాలు నింపాను’ అని రాసి ఊరుకున్నావు. ఆరోది ఎందుకు లేదని పాఠకుడు తప్పకుండా అనుకుంటాడు. ఆ ఖాళీ గది గురించి చెప్పు. ఎందరికో దెబ్బలు తగిలాకే ఆ అలవాటు స్థిరపడింది.

కథ విషయానికొస్తాను. నీ హీరో అరచేత్తో హామర్‌ని టపటపా కొడుతూ ఆరుగురిని పడగొట్టాడు, తర్వాత కన్ను మూసి తెరిచేలోగా మళ్ళీ నింపేశాడు. నువ్వు చేసే పని నీకు తెలుసు కదా! గేట్ తెరవాలి, సిలిండర్‌ని ఒక్కో గదీ తిప్పుతూ, బారెల్ పక్కనున్న రాడ్‌తో పేలిన తూటాల ఖాళీ కేసుల్ని ఒక్కొక్కటిగా నెట్టాలి, మళ్ళీ ఒక్కొక్కటిగా ఎక్కించాలి. అలవాటైన చేతికే అర నిమిషం దాకా పడుతుంది. ఎదురుగా శత్రువు ఉన్న మనిషికి ఆ అర నిమిషం ఎంత టెన్షనో ఊహించు. కథంతా అక్కడ ఉంటే దాన్ని ఒక్క వాక్యంతో దాటేశావు. అరచేత్తో కొట్టడం వదిలెయ్. గురి కుదరదు, లోపలి భాగాలు పాడవుతాయి, ఏ రేంజ్‌లో చేసినా బయటికి పంపిస్తారు.

అదే కథలో పాతకాలపు అమెరికాలో పేరుమోసిన తుపాకీ వీరుడు వైల్డ్ బిల్ హికాక్‌కి కోల్ట్ పీస్‌మేకర్ ఇచ్చావు, అంటే పైన చెప్పిన ఆ 1873 కోల్ట్‌నే. అతను మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో డేవిస్ టట్‌ని కాల్చింది 1865లో. పీస్‌మేకర్ వచ్చింది ఇంకో ఎనిమిదేళ్ళకి. హికాక్ పేరుతో కలిపి చెప్పేది 1851 నేవీ కోల్ట్‌ని. అందులో మందూ గుండూ వేరువేరుగా పెట్టి దట్టించి, మందుని అంటించే క్యాప్‌ని విడిగా పెట్టాలి. ఆ కాలం మీద నీకు నిజంగా ప్రేమ ఉంటే సంవత్సరాల దగ్గర అంత అశ్రద్ధ పనికిరాదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమనుకున్నది చెబుతాను. రేంజ్‌లో అసలైన ఉత్కంఠ పేలిన తూటాలో ఉండదు, పేలని తూటాలో ఉంటుంది. హామర్ పడింది, టక్ అంది, ఇంకేం లేదు. అప్పుడు ఏం చేస్తాం? కదలం. బారెల్ లక్ష్యం వైపే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగుతాం, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు కనుక. ఇంకోసారి ఢామ్‌కి బదులు బలహీనంగా ‘పఫ్’ అంటుంది. అది మరీ ప్రమాదం. గుండు బారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. తెలియక రెండోది పేలిస్తే బారెల్ పగలొచ్చు, చెయ్యి పోవచ్చు. ఆ చప్పుడులో తేడాని పక్క లేన్‌ల మోత మధ్యలో, చెవుల్లో ప్లగ్గులూ పైన మఫ్‌లూ పెట్టుకుని పట్టుకోవాలి. తెలిసినవాళ్ళు ఆ క్షణంలోనే ఆగిపోతారు. నీ మూడో వ్యాసంలో ‘ఒక తూటా తుస్సుమంది, అందరం నవ్వుకున్నాం’ అని ఉంది. ఆ వాక్యాన్ని మూడు పేజీలు చెయ్యి. ఎవరు ముందు విన్నారు, ఎవరు చెయ్యెత్తారు, ఖాళీ చేసి బారెల్‌లోకి రాడ్ పెట్టి ఎలా చూశారు, ఆ సేపంతా నీ చూపుడువేలు ఎక్కడుంది? అన్నీ రాయి. నవ్వు తర్వాత వచ్చిందేమో, దాని చోట దాన్ని ఉంచు.

చూపుడువేలు అన్నాను కాబట్టి: లక్ష్యం మీద గురి కుదిరేదాకా అది ట్రిగ్గర్ మీదికి వెళ్ళకూడదని నీకు నేర్పే ఉంటారు. నీ కథలో ప్రతి పాత్రా మాట్లాడుతూ ట్రిగ్గర్ మీద వేలు ఆడిస్తున్నాడు. అలాంటి పాత్రని చూడగానే తుపాకీ తెలిసిన పాఠకుడు నీ మీద నమ్మకం వదులుకుంటాడు. పాత్ర నిర్లక్ష్యమైనవాడని చూపించాలంటే మాత్రం అది మంచి గుర్తు, కావాలనే వాడు.

ఇంటికొచ్చాక చేసే పనుల గురించి ఎక్కడా లేదు. బ్రష్, బారెల్‌లోంచి వచ్చే నల్లటి గుడ్డ ముక్కలు, ఆ సాల్వెంట్ వాసన. సీసం పొడి వేళ్ళకి అంటుకుని ఉంటుంది కాబట్టి ఏదైనా తినేముందు చల్లటి నీళ్ళతో సబ్బు పెట్టి కడుక్కోవడం, చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ చొక్కాని విడిగా ఉతకడం. ఇవి రాస్తే నువ్వు తుపాకీతో కాపురం చేస్తున్నావని పాఠకుడికి అర్థమవుతుంది. ఇంటికి సత్యనారాయణ వ్రతానికి జనం వచ్చినరోజు పిల్లలందరూ ఆ గదిలోకి పరిగెత్తితే నీ మనసు సేఫ్ తాళం మీదికి వెళ్ళదూ? తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో ఉన్నాయి కదా అని గుర్తుచేసుకోవూ? అమ్మకి వీడియో కాల్‌లో ఏం చెప్పావు? చెప్పలేదా? చెప్పకపోతే అదీ రాయాల్సిందే.

దసరా వాక్యం నాకు చాలా నచ్చింది. ఆయుధపూజకి కారుకి బొట్టు పెట్టానని, రివాల్వర్‌ని సేఫ్‌లోంచి తియ్యలేదని రాశావు. ఎందుకు తియ్యలేదు? పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్తూ ఆయుధాలు జమ్మిచెట్టు మీద కట్టి, ఎవరూ దగ్గరికి రాకుండా శవమని చెప్పిన కథ మనందరికీ తెలుసు. ఆయుధం ఉన్నవాడికి దాన్ని దాచే బాధ్యత కూడా ఉందని ఆ కథలో ఎంత స్పష్టంగా ఉందో. నువ్వు ఒక్క వాక్యంలో దాన్ని తాకి వెళ్ళిపోయావు. వెనక్కి వెళ్ళు. నీ పుస్తకంలో ఇంకెవరూ రాయలేని అధ్యాయం అదే.

నీ పాఠకుడు ఎవరో కూడా మరిచిపోకు. హైదరాబాద్‌లోనో, ఖమ్మంలోనో కూర్చుని చదివేవాడికి తుపాకీ హాబీ అనే మాటే వింతగా ఉంటుంది. అక్కడ 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు కావాలి, 2019 సవరణ తర్వాత మామూలుగా ఒక మనిషికి రెండుకి మించి ఉండకూడదు. అమెరికా, తుపాకీ అనే మాటలు కలిపి వింటే వాళ్ళకి గుర్తొచ్చేవి వార్తలు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో మన తెలుగు ఇంజనీర్‌ని బార్‌లో కాల్చి చంపారు. ఆ తర్వాత పిల్లల్ని చదువుకి పంపిన ప్రతి ఇంట్లో ఆ భయం ఉంది. దాన్ని నువ్వు తీర్చలేవు, తీర్చనక్కర్లేదు. కానీ ఆ భయం తెలియనట్టు రాయకు. తూటా తాకి ఇనుప పలక మోగినప్పుడు నీకు కలిగే ఆనందం నిజం. అదే వస్తువు మనిషిని చంపుతుందన్నదీ నిజం. రెండూ ఒకే పేజీలో ఉండనివ్వు, ఒకదాన్ని రెండోదానితో కప్పెయ్యకు.

పంపేముందు ఒకటి తప్పకుండా సరిచెయ్. నీ కథలో హెచ్-1బీ మీద ఉన్న కుర్రాడు నేరుగా షాపుకెళ్ళి రివాల్వర్ కొనుక్కుంటాడు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసాతో ఉన్నవాళ్ళు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. షాపులో నింపించే ఫారం 4473లోనే ఆ ప్రశ్న ఉంటుంది. నీ కథ చదివి ఎవరైనా కుర్రాడు అది మామూలే అనుకుంటే వాడి వీసాకే ముప్పు. గ్రీన్ కార్డ్ వచ్చేదాకా వాడిని ఆగనివ్వు, లేదా వేట లైసెన్సు తీసుకోనివ్వు. ఆ ఎదురుచూపు కథకి మేలే చేస్తుంది.

ముందు ఆ పేలని తూటా వ్యాసం తిరగరాసి పంపు. కథకి తొందరలేదు. కౌబాయ్ పోటీల్లో చేరుతున్నానన్నావు కదా, ఆ పోటీలకి సంబంధించిన సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీలో ప్రతి సభ్యుడూ ఇంకెవరికీ లేని మారుపేరు ఒకటి పెట్టుకోవాలి. నువ్వు ఏం పెట్టుకున్నావో తర్వాతి ఉత్తరంలో రాయి.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య