సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 35 శాతమే ఉంటే పరీక్షలో అదనపు టైం అడగకూడదా?

పొందూరు నుంచి ఒక తల్లి రాశారు: "మా గుంటకి పురుట్లోనే కుడి భుజం నరం దెబ్బతింది. చెయ్యి పైకి లేవదు, కాసేపు రాస్తే వేళ్ళు బిగిసిపోతాయి. సదరంలో 35 శాతం ఇచ్చారు. ఇంటర్‌లో ప్రతి పేపర్లోనూ చివరి రెండు ప్రశ్నలు వదిలేసి వచ్చేది. ఇప్పుడు శ్రీకాకుళంలో బీకాం మొదటి ఏడాది. అదనపు టైం అడిగితే '40 ఉంటేనే' అన్నారు కాలేజీలో. ఇంక ఏటీ దారి లేదా? బీకాం మానిపించీమంటారా?"

మానిపించకండమ్మా. వచ్చిన చిక్కు చదువుతో కాదు, పెన్నుతో.

"40 ఉంటేనే" అన్నది ఉత్త అబద్ధం కాదు, అందుకే అందరూ నమ్మేస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆ గీత ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం పోస్టులు 40, ఆపైన ఉన్నవాళ్ళకే. 35తో ఆ రిజర్వేషన్ మీ అమ్మాయికి రాదు. శాతం పెంచి రాయిస్తామని ఎవరైనా డబ్బులడిగితే మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి.

పరీక్ష రాయడానికి కావలసిన వెసులుబాటు మాత్రం ఆ గీతకు కట్టుబడి లేదు. వికాశ్ కుమార్ అనే అభ్యర్థికి రాస్తుంటే చెయ్యి బిగిసిపోయే జబ్బు. సివిల్స్ పరీక్షకు, రాసిపెట్టే మనిషిని, అంటే స్క్రైబ్‌ను, ఇమ్మంటే యూపీఎస్సీ కాదంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది: ఈ సాయానికి 40 శాతం షరతు పెట్టడం కుదరదని. ఆ తీర్పు వల్లే 2022 ఆగస్టులో కేంద్రం, 40 లోపు ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. గంటకు కనీసం 20 నిమిషాలు అదనం. మూడు గంటల పేపరుకు నాలుగు గంటలన్నమాట. స్క్రైబ్‌ను కూడా తీసుకోవచ్చు.

దానికి సదరం కాగితం ఒక్కటే చాలదు. "ఈ అమ్మాయికి రాయడంలో ఇబ్బంది ఉంది" అని ప్రభుత్వాసుపత్రి వైద్యుల బృందం ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. మీకు దగ్గర శ్రీకాకుళం ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్), మనవాళ్ళు ఇంకా రిమ్స్ అనే అంటారు కదా, అక్కడ సూపరింటెండెంట్ ఆఫీసులో అడగండి. ఇప్పుడు అమల్లో ఉన్న మార్గదర్శకాల వెనక ఆ సర్టిఫికెట్ నమూనా ఉంటుంది, ప్రింటు తీసి చేతిలో పెట్టుకుని వెళ్ళండి. నమూనా చూపిస్తే పని నడుస్తుంది, నోటిమాటకైతే రేపు రమ్మంటారు.

తర్వాత ప్రిన్సిపాల్‌కు అర్జీ, దాని నకలు ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ పరీక్షల విభాగానికి. అర్జీలో తీర్పు పేరు, ఇప్పుడు అమల్లో ఉన్న మార్గదర్శకాల మాట రాయండి. అందినట్టు సంతకం, స్టాంపు వేయించుకోకుండా కదలొద్దు. పరీక్ష ఫీజు కట్టే రోజులకు ముందే ఇదంతా అయిపోవాలి. హాల్ టికెట్ వచ్చాక పరిగెత్తితే ఇవ్వాలనుకున్నవాళ్ళు కూడా ఇవ్వలేరు. కాలేజీ కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. చాలాసార్లు అర్జీలో ఆ మాట కనిపిస్తేనే పని అయిపోతుంది.

స్క్రైబ్ సంగతి కొంచెం జాగ్రత్త. ఒకసారి నేనే పొరపాటు చేశాను. ఒక కామర్స్ కుర్రాడికి స్క్రైబ్‌ను ఒప్పించాం గానీ, సాధన చేయించలేదు. పరీక్షలో ఇతను అంకెలు చెబుతూ పోయాడు, ఆ పిల్లవాడు డెబిట్, క్రెడిట్ అన్నీ ఒకే వరసలో కిందికి రాసుకుంటూ పోయాడు. బ్యాలెన్స్ షీట్ కాస్తా కిరాణా చీటీ అయింది. అకౌంట్స్‌ను నోటితో చెప్పడం ఒక విద్య. "ఎడమ గడిలో, మూడో వరస, తేదీ పక్కన" అని చెప్పగలగాలి, వినేవాళ్ళకు గీతలు గీయడం రావాలి. స్క్రైబ్‌గా మామూలుగా కింది తరగతి వాళ్ళనే ఒప్పుకుంటారు, మీ ఊళ్ళో ఇంటర్ చదివే పిల్లనెవరినైనా చూసి నెల్లాళ్ళు ఇద్దరినీ కూర్చోబెట్టండి.

ఉద్యోగం మాట. చేత్తో రాయాల్సిన బాధ ఎక్కువగా డిగ్రీ వరకే. బ్యాంకు పరీక్షలు కంప్యూటర్ మీద, లెక్కలు ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో. ఎడమ చేత్తో టైపింగ్, మౌస్ ఇప్పటినుంచే అలవాటు చేసుకోమనండి. సీఏ మీద మనసుంటే మాత్రం పెన్ను మళ్ళీ ఎదురవుతుంది, అక్కడా ఇలాగే అర్జీ పెట్టుకోవాలి.

మీ ఉత్తరంలో అమ్మాయి మాట ఒక్కటీ లేదమ్మా. పక్కన ఒకరు కూర్చుని రాయడం ఆ పిల్లకు ఇష్టమో కాదో. ఒక ఆదివారం పాత పేపరు ఇచ్చి, గడియారం ఎదురుగా పెట్టి నాలుగు గంటలు రాయనివ్వండి. మధ్యలో చెయ్యి ఆపుకుంటూ అయినా పూర్తి చేస్తే టైం ఒక్కటే అడగండి. మూడో గంటకే వేళ్ళు బిగిసిపోతే స్క్రైబ్ కూడా అడగండి. ఆసుపత్రికి ఆ తర్వాత వెళ్ళండి.