దేవరకొండలో అమ్మ బటన్ ఫోన్‌కు మెసేజ్ చేరట్లేదంటే

నల్గొండ నుంచి మీరు పంపే మెసేజ్‌లు దేవరకొండలో అమ్మకు చేరట్లేదని అడిగారు. మీ మెసేజ్ ఎస్సెమ్మెస్‌గా పోవట్లేదు, ఆర్‌సీఎస్ చాట్‌గా, అంటే ఇంటర్నెట్ మీద నడిచే మెసేజ్‌గా పోతున్నట్టుంది. అమ్మ స్మార్ట్‌ఫోన్ పక్కనపెట్టి అదే సిమ్‌ను బటన్ ఫోన్‌లో వేశారన్నారు కదా, చిక్కు అక్కడే. ఆ చాట్ బటన్ ఫోన్‌కు రాదు. నల్గొండలో మీ ఫోన్‌లో ఒక్క టిక్కు పడి ఆగిపోయేది అందుకే.

1. సిమ్‌ను మళ్లీ పాత స్మార్ట్‌ఫోన్‌లో వేసి, గూగుల్ మెసేజెస్ సెట్టింగ్స్‌లో ఆర్‌సీఎస్ చాట్స్ ఆఫ్ చేయండి. అందరూ మరిచేది ఇదే. సిమ్ తీసినంత మాత్రాన సరిపోదు, ఆ నంబరు చాట్‌లో ఇంకా నమోదయ్యే ఉంటుంది.

2. మీ ఫోన్‌లో అదే చోట, చాట్ పోకపోతే ఎస్సెమ్మెస్‌గా మళ్లీ పంపే ఆప్షన్ ఆన్ చేయండి.

3. అయినా రాకుంటే బటన్ ఫోన్ ఇన్‌బాక్స్ చూడండి. మా నాయన ఫోన్‌లో రీఛార్జ్ ప్రకటనలతోనే నిండిపోయింది. సగం తీసేస్తే ఆగినవి టకటకా వచ్చిపడ్డాయి.